ముత్యం నుండి చతురస్రానికి: సంకుచిత శీర్షిక ఖతుల చరిత్రలో ‘చతుర’ – సైబరాబాద్ నామఫలకాల నేపథ్యం

ఉపోద్ఘాతం

చేతిరాత బాగున్నవారిని ‘ముత్యాల్లాంటి అక్షరాలు’ రాస్తారని మెచ్చుకోవడం తెలుగువారి వాడుక. ఈ మెచ్చుకోలులో ఒక సౌందర్య సూత్రం ఉంది. అక్షరం గుండ్రంగా ఉండాలి, పక్క అక్షరాన్ని ఒరుసుకోకూడదు, లోపలి ఖాళీ నిండుగా కనిపించాలి. బడిలో పలక మీద దిద్దించినప్పటి నుండి ఈ సూత్రమే మన కంటికి అలవాటైంది. దీనికి పూర్తిగా ఎదురు నిలిచే అక్షరరూపాలు ఇరవై ఒకటవ శతాబ్దంలో తెలుగు కంప్యూటర్ ఖతుల్లో కనిపించాయి. వాటిలో చెప్పుకోదగినది ‘చతుర’. ఇందులో ముత్యం చతురస్రమైంది. అక్షరాలు సన్నగా, నిటారుగా, పక్కపక్కన ఒదిగి నిలుస్తాయి. మొదటిసారి చూసినవారికి ఇది కొంత వింతగానే తోస్తుంది.

ఈ వింత కేవలం రూపకర్త సరదా కాదని, తెలుగు లిపి నిర్మాణానికీ ఆధునిక నగర ఫలకానికీ మధ్య ఉన్న ఘర్షణకు అది ఒక సమాధానమని చూపడం ఈ వ్యాస ప్రయోజనం. హైటెక్ సిటీ పరిసరాల్లో ఏ ఫలకం ఏ ఖతిలో ఉందో జాబితా వేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ ప్రాంతపు పేర్లను తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు అక్షరం మీద పడే ఒత్తిడి ఎటువంటిది, ఆ ఒత్తిడికి సంకుచిత ఖతి ఎంతవరకు జవాబు చెప్పగలదు అన్నవే ప్రధాన ప్రశ్నలు. వెడల్పు తగ్గించి గీసిన ఖతిని ‘సంకుచిత ఖతి’ అనీ, పెద్ద పరిమాణంలో శీర్షికలకు, ఫలకాలకు ఉద్దేశించిన ఖతిని ‘శీర్షిక ఖతి’ అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను.

అక్షరాన్ని ఒదిగించిన పూర్వ పద్ధతులు

స్థలాన్ని పొదుపు చేయడం తెలుగు రాతకు కొత్త కాదు. తాళపత్రాల మీద లేఖకులు పదాల మధ్య ఎడం విడవకుండా రాసేవారు. గ్రామ కరణాల లెక్కల్లో గొలుసుకట్టు రాత వాడుకలో ఉండేది. అందులో కలం ఎత్తకుండా అక్షరాలను కలిపి రాసేవారు కాబట్టి వేగమూ స్థలమూ రెండూ కలిసివచ్చేవి. అలవాటు లేనివారు దాన్ని చదవలేకపోవడం దాని పరిమితి. ఆ పరిమితి సంకుచిత రాతలన్నింటికీ కొంతో గొప్పో వర్తిస్తుంది.

అచ్చు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. తెలుగు అచ్చు 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ పుస్తకాలతో మొదలైంది. శ్రీరాంపూర్‌లో 1814లో విలియం కేరీ వ్యాకరణం, మద్రాసులో 1816లో క్యాంప్‌బెల్ వ్యాకరణం వెలువడే నాటికి సీసపు అక్షరాలతో తెలుగు కూర్చడం స్థిరపడింది. సీసపు దిమ్మకు కొలత ఉంటుంది. ఆ కొలతలోనే గుడి, ఎత్వం వంటి పైగుర్తులు, అక్షర దేహం, కింది ఒత్తు ఇమడాలి. చేతిరాతలో ఒత్తు కిందికి ఎంత దూరమైనా జారవచ్చు, అచ్చులో ఆ స్వేచ్ఛ లేదు. తెలుగు అక్షరానికి తొలిసారిగా కచ్చితమైన ఎత్తు నిర్ణయమైంది అచ్చులోనే.

ఇరవయ్యో శతాబ్దంలో గోడరాతలు, దుకాణాల బోర్డులు, సినిమా పోస్టర్లు అక్షరానికి మరో జీవితాన్నిచ్చాయి. బాపు రాత ఒక ప్రత్యేక శైలిగా గుర్తింపు పొందింది. పోస్టర్ రూపకల్పనలో ఈశ్వర్ వంటివారు సినిమా పేరును బొమ్మతో సమానమైన కళగా మలిచారు. బోర్డు రాసే చిత్రకారుడికి చేతిలో ఉన్నది కుంచె కాబట్టి, చోటు చాలకపోతే అతడు అక్షరాలన్నింటినీ ఒకే నిష్పత్తిలో నొక్కడు. వెడల్పు ఎక్కువ ఉన్న ‘ఘ’నో ‘మ’నో కొంత బిగిస్తాడు, ‘ర’ను అలాగే వదులుతాడు, ముందు అక్షరం ఒత్తును తరువాతి అక్షరం కింది ఖాళీలోకి జరుపుతాడు. అక్షరానికి అక్షరం తీర్పు మారుతుంది. సంకుచిత ఖతి రూపకర్త చేయవలసిన పని సరిగ్గా ఇదే.

యంత్రం నొక్కిన అక్షరం

డి.టి.పి. వ్యాప్తితోనూ, తరువాత ఫ్లెక్సీ ముద్రణతోనూ ఈ తీర్పు చేతి నుండి మౌస్‌కు మారింది. అను, శ్రీలిపి వంటి ఖతులు పుష్కలంగా లభించినా, వాటిలో ఒక అక్షరరూపానికి సాధారణ, సంకుచిత, విస్తృత రూపాలన్నీ విడివిడిగా గీసిన కుటుంబాలు అరుదు. అందువల్ల చోటు చాలనప్పుడు పేజ్‌మేకర్‌లోని వెడల్పు తగ్గించే సదుపాయాన్ని వాడి అక్షరాన్ని 80 శాతానికో 70 శాతానికో కుదించడం పరిపాటి అయింది.

దీనివల్ల అక్షరానికి జరిగే నష్టాన్ని లెక్కతో చూపవచ్చు. అన్నిచోట్లా 10 ప్రమాణాల మందం ఉన్న గీతతో ఒక ‘ర’ను గీశామనుకుందాం. దాన్ని అడ్డంగా 70 శాతానికి నొక్కితే, కుడి ఎడమ పక్కల గీత మందం 7 ప్రమాణాలకు తగ్గుతుంది, పైనా కిందా మాత్రం 10గానే ఉంటుంది. గుండ్రదనం మీద ఆధారపడిన లిపిలో ఈ తేడా వెంటనే కనిపిస్తుంది. పైకప్పు బరువుగా, గోడలు పలచగా ఉన్న ఇల్లులా అక్షరం తయారవుతుంది. అంతకన్నా ముఖ్యమైనది అక్షర భేదాలు చెరగడం. ‘ప’లో తలకట్టు దేహాన్ని అంటకుండా ఉంటుంది, ‘వ’లో అంటుకొని ఉంటుంది. ‘ధ’కూ ‘థ’కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింది చిన్న నిలువుగీత. ఈ భేదాలు నిలిచేది సన్నని ఖాళీల మీద. యంత్రం అన్నింటినీ సమానంగా నొక్కినప్పుడు ముందుగా పోయేవి ఆ ఖాళీలే.

హైటెక్ సిటీ పేరులోని అంతస్తులు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ కలిసిన ప్రాంతం హైదరాబాద్‌లో సమాచార సాంకేతిక రంగానికి కేంద్రమైంది. ఇక్కడి వ్యాపార భాష ఇంగ్లీషు. అయినా 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన నియమాలు నామఫలకంపై తెలుగు ఉండాలన్నాయి. అందువల్ల ఇంగ్లీషు కోసం రూపొందిన పేరు తెలుగులోకీ రావలసి ఉంటుంది. సమస్య అక్కడే మొదలవుతుంది.

ఈ ప్రాంతపు పేర్లనే తీసుకొని చూద్దాం. ‘మాదాపూర్’, ‘కొండాపూర్’ పేర్లలో ఒత్తు లేదు, చివర పొల్లు తప్ప పెద్ద చిక్కు లేదు. ‘గచ్చిబౌలి’లో రెండో అక్షరానికి పైన గుడి, కింద చకార ఒత్తు ఉన్నాయి. ‘రాయదుర్గం’లో గకార ఒత్తు ఉంది. ఇక ‘హైటెక్ సిటీ’ని గమనిస్తే, హై, టె, క్, సి, టీ అనే ఐదింటిలోనూ పై అంతస్తు ఖాళీగా లేదు. పైగా ఐత్వానికి పైన ఒక భాగం, కింద ఒక భాగం ఉంటాయి కాబట్టి ఒత్తు లేకపోయినా కింది అంతస్తు కావలసి వస్తుంది. ‘సైబరాబాద్’, ‘సైబర్ టవర్స్’ పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ఇదే పేరును ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో రాస్తే పైకి పొడుచుకు వచ్చేది గాని కిందికి జారేది గాని ఏదీ ఉండదు. అంతా ఒకే పట్టీలో ఇమిడిపోతుంది. తెలుగులో అదే పేరు మూడంతస్తుల మేడ.

సంస్థల పేర్లలో ఇది మరింత ప్రస్ఫుటం. ఇంగ్లీషులోని హల్లుల గుంపులు తెలుగులో ఒత్తులుగానో పొల్లులుగానో మారతాయి. ‘సాఫ్ట్‌వేర్’, ‘టెక్నాలజీస్’, ‘ఇన్ఫోసిస్’, ‘మైండ్‌స్పేస్’ ఇందుకు ఉదాహరణలు. ‘మైక్రోసాఫ్ట్’ను చూద్దాం. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు పక్కపక్కన నిలుస్తాయి. తెలుగులో యూనికోడ్ సంకేతాలుగా లెక్కిస్తే పన్నెండు ఉన్నా, కంటికి కనిపించేవి మై, క్రో, సా, ఫ్ట్ అనే నాలుగు అక్షరాలే. అంటే ఇంగ్లీషు అడ్డంగా పరిచినదాన్ని తెలుగు నిలువుగా మడిచింది.

ఈ పరిశీలన నుండి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. తెలుగు వెడల్పును ఎత్తుగా మార్చుకునే లిపి. స్వభావరీత్యా అది అడ్డంగా ఇదివరకే సంక్షిప్తం. కాబట్టి ఫలకం మీద తెలుగుకు నిజంగా కరువైనది వెడల్పు కాదు, ఎత్తు. అక్షర దేహం ఎత్తు ఒకటి, పైగుర్తులకు సగం, కింది ఒత్తుకు సగానికి పైగా కావాలనుకుంటే, మొత్తం రెండు ప్రమాణాలు దాటుతుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు ఇచ్చినంత ఎత్తే తెలుగుకు ఇస్తే, తెలుగు అక్షర దేహం ఇంగ్లీషు అక్షరంలో సగం కూడా ఉండదు. పైకి సమానంగా కనిపించే ఈ పంపకం వల్ల తెలుగు చిన్నదవుతుంది. దారిన పోయేవారు తెలుగు అక్షరాలే చదవడం కష్టమని అనుకుంటారు. తప్పు లిపిది కాదు, పట్టీ కొలతది.

‘చతుర’ రూప లక్షణాలు

యూనికోడ్ ప్రమాణం 1991లో వెలువడిన తొలి సంచికలోనే తెలుగుకు చోటిచ్చింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో ‘గౌతమి’ ఖతితో తెలుగును సాధారణ కంప్యూటర్లలోకి తెచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఖతులు తొలి యూనికోడ్ పాఠకులకు చిరపరిచితాలు. అయితే ఇవన్నీ ప్రధానంగా పాఠ్యం కోసం. శీర్షికలకు పనికివచ్చే స్వేచ్ఛా ఖతులు విరివిగా రావడానికి మరో దశాబ్దం పట్టింది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన ఖతుల్లో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన ‘ధూర్జటి’, ‘రామభద్ర’ వంటివి శీర్షికల కోసం ఉద్దేశించినవి. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరిట ‘సురవరం’ ఖతి కూడా వచ్చింది. గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో లభించే ‘చతుర’ రూపకర్త అప్పాజీ అంబరీష దర్భా. ఇందులో తెలుగుతో పాటు లాటిన్ అక్షరాలూ ఉన్నాయి. అతి సన్నం నుండి అతి మందం వరకు ఐదు మందాల్లో ఇది దొరుకుతుంది.

దీని రూపంలో మూడు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, గుండ్రని భాగాలను మూలలు సవరించిన చతుర్భుజాలుగా మార్చడం. రెండవది, గీత మందం అక్షరమంతటా ఇంచుమించు ఒకేలా ఉండడం. మూడవది, వెడల్పు తక్కువగా, నిలువు ప్రధానంగా ఉండడం. చతుర అనే మాటలో నేర్పరితనమూ, చతురస్ర శబ్దాన్ని గుర్తుచేసే ధ్వనీ రెండూ ఉన్నాయి. ఖతి రూపం ఆ రెండు అర్థాలనూ మోస్తుంది.

చతురస్రమే ఎందుకు? దీనికి సమాధానం సామాన్య క్షేత్రగణితంలో దొరుకుతుంది. 100 ప్రమాణాల వ్యాసం గల వృత్తం వైశాల్యం సుమారు 7,854. దాన్ని 80 ప్రమాణాల వెడల్పుకు నొక్కితే వచ్చే దీర్ఘవృత్తం వైశాల్యం సుమారు 6,283. అంటే లోపలి ఖాళీలో ఐదో వంతు పోయింది. అదే 100 ఎత్తు, 80 వెడల్పుతో, 20 ప్రమాణాల వ్యాసార్ధంతో మూలలు గుండ్రం చేసిన దీర్ఘచతురస్రం తీసుకుంటే వైశాల్యం సుమారు 7,657. మొదటి వృత్తంతో పోలిస్తే నష్టం మూడు శాతం లోపే. వెడల్పులో ఐదో వంతు తగ్గించినా లోపలి వెలుతురు దాదాపుగా నిలిచింది. ‘ధ’, ‘థ’ భేదాన్ని కాపాడే చుక్కకు చోటు మిగిలేది ఈ వెలుతురులోనే. కనుక చతురస్రం అలంకారం కాదు, ఇరుకులో అక్షరాన్ని బతికించే ఉపాయం.

పాశ్చాత్య ముద్రణలోనూ ఇటువంటి ఆలోచనలున్నాయి. ఇటలీలో 1952లో వచ్చిన ‘మైక్రోగ్రామా’, దాన్ని విస్తరించి ఆల్డో నొవరేసే 1962లో రూపొందించిన ‘యూరోస్టైల్’ వృత్తాన్ని టెలివిజన్ తెర ఆకారానికి మార్చాయి. ఆ రూపం త్వరలోనే సాంకేతికతకు చిహ్నమైంది. జెఫ్రీ లీ 1965లో రూపొందించిన ‘ఇంపాక్ట్’ మందమైన సంకుచిత ఖతికి ప్రసిద్ధ ఉదాహరణ. కాని లాటిన్ అక్షరాలకు నిలువు కంబాలే ఆధారం. వాటిని దగ్గరకు జరిపితే సంకుచిత రూపం సహజంగా వస్తుంది. తెలుగుకు అటువంటి నిలువు కంబాలు లేవు. అందువల్ల ‘చతుర’ ముందుగా వక్రరేఖ నుండి కంబాలను పుట్టించి, ఆ తరువాత వాటిని దగ్గరకు జరపవలసి వచ్చింది. చూడగానే కలిగే వింత భావనకు మూలం ఇదే. మనకు అలవాటైన తెలుగులో లేని కంబం ఇక్కడ కనిపిస్తోంది.

ఉపయోగాలు, పరిమితులు

ఇటువంటి ఖతికి తగిన చోట్లు కొన్ని స్పష్టంగా ఉన్నాయి. నిలువుగా పొడవున్న ఫలకాలు, సదస్సుల ఆహ్వాన పత్రాలు, పుస్తకాల ముఖచిత్రాలు, పత్రికల్లో ఒక కాలమ్ వెడల్పు శీర్షికలు, ఫోన్ తెరపై మెనూలు అటువంటివి. విద్యుద్దీపాలు అమర్చే లోహపు అక్షరాలకు ఒకే మందం గీత అనుకూలం. సన్నబడే గీతలో దీపం ఇమడదు. మందమైన రూపాల్లో ‘చతుర’ ఈ అవసరాన్ని తీర్చగలదు. వెడల్పు తగ్గినందువల్ల మిగిలిన చోటును ఎత్తుకు వాడుకొని, అదే ఫలకం మీద అక్షరాన్ని పెద్దది చేయవచ్చు. సంకుచిత ఖతి తెలుగుకు చేసే అసలు మేలు ఇదే. అది వెడల్పును మిగిల్చేది అక్షరానికి ఎత్తు ఇవ్వడానికే.

పరిమితులూ తక్కువేమీ కాదు. పాయింట్ల లెక్కలో సమానమైనా ఈ ఖతి ఇతర ఖతులకన్నా చిన్నగా కనిపిస్తుంది, కనుక పరిమాణాన్ని సంఖ్యతో గాక కంటితో నిర్ణయించాలి. అతి సన్నని రూపం దూరం నుండి కనిపించదు. సాగే పాఠ్యంలో దీన్ని వాడితే ఒకే ఎత్తు కంబాల వరుసలో అక్షరాల ఆనవాళ్లు కలిసిపోయి కన్ను త్వరగా అలసిపోతుంది. గుండ్రదనం ద్వారా అక్షరాన్ని గుర్తుపట్టే చిన్నపిల్లలకు, కొత్తగా తెలుగు నేర్చుకునేవారికి ఇది తగదు. ఆసుపత్రి దారి చూపే ఫలకం, ప్రమాద హెచ్చరిక వంటి చోట్ల వింతదనానికి తావు ఉండరాదు. అక్కడ ముత్యాలే మేలు.

తరువాతి కాలపు ప్రయత్నాలు ఈ సమస్యను మరో వైపు నుండి చూశాయి. ‘నోటో సాన్స్ తెలుగు’కు తెరల కోసం నిలువు కొలతను బిగించిన ప్రత్యేక రూపం ఒకప్పుడు వచ్చింది. అది వెడల్పును గాక ఎత్తును కుదించిన ఉదాహరణ. ముంబైలోని ఏక్ టైప్ సంస్థ 2022లో విడుదల చేసిన ‘అనేక్’ పది లిపుల కుటుంబం. అందులోని తెలుగు రూపంలో మందంతో పాటు వెడల్పునూ వాడుకరి మార్చుకోవచ్చు. ఇక్కడ ఇరుకు రూపాన్నీ విశాల రూపాన్నీ రూపకర్త స్వయంగా గీశాడు, మధ్య రూపాలను కంప్యూటర్ ఆ రెండింటి ఆధారంగా నిర్ణయిస్తుంది. పేజ్‌మేకర్ నొక్కుడుకూ దీనికీ తేడా అదే. బోర్డు చిత్రకారుడు కుంచెతో అక్షరానికి అక్షరం చేసిన తీర్పు ఇప్పుడు ఖతిలోపలే నిక్షిప్తమై ఉంది.

ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, సంకుచితత్వం అనే భావనను లాటిన్ ముద్రణ నుండి యథాతథంగా తెచ్చుకోవడం తెలుగుకు సరిపడదు, ఎందుకంటే తెలుగు ఇదివరకే అడ్డాన్ని నిలువుగా మడిచిన లిపి. రెండు, ‘చతుర’లోని చతురస్రం లిపి పట్ల అనాదరం కాదు, వెడల్పు తగ్గినా అక్షరంలోని వెలుతురును కాపాడే ప్రయత్నం. మూడు, ఎంత నేర్పుగా గీసిన ఖతి అయినా అన్యాయమైన కొలతను సరిదిద్దలేదు. తెలుగుకూ ఇంగ్లీషుకూ ఒకే ఎత్తు పట్టీ ఇచ్చినంతకాలం తెలుగు చిన్నదిగానే ఉంటుంది.

ఫలకంపై తెలుగు ఉండాలన్న నియమం భాష ఉనికిని కాపాడుతుంది. ఎంత ఎత్తున, ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్న ఆ ఉనికి చదవదగినదా కాదా నిర్ణయిస్తుంది. రెండు భాషల అక్షర దేహాలు సమానంగా ఉండాలంటే తెలుగు పట్టీ ఎత్తు ఇంగ్లీషు పట్టీకి కనీసం రెట్టింపు ఉండాలని పై లెక్క సూచిస్తుంది. ఈ సూచనను నగరపాలక సంస్థలు, వాస్తుశిల్పులు పరిశీలించవలసి ఉంది. తెలుగు శాఖలకూ ఇందులో బాధ్యత ఉంది. లిపి పరిణామాన్ని శాసనాలతో మొదలుపెట్టి అచ్చుతో ముగించే మన పాఠ్యప్రణాళికలు కంప్యూటర్ ఖతుల దాకా రావాలి. విద్యార్థి ‘హైటెక్ సిటీ’ అని రాసి, దాని మూడంతస్తులను స్కేలుతో కొలిచి చూడాలి. రేపటి ఫలకం మీద తెలుగు ఎంత ఎత్తున నిలవాలో చెప్పగలవారు ఆ తరగతి గదిలోనే తయారవుతారు.